పాలిటెక్నిక్‌తో చదువు ఆగిపోదు

పది పాసయ్యాక పాలిటెక్నిక్‌లో చేరితే ఇక ఇంజనీరు కాలేమని మనలో చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు.

మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి ర్యాంకు తెచ్చుకుంటే బీటెక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు. దీన్నే లేటరల్ ఎంట్రీ అంటారు. ఎస్టీలకు డిప్లొమాలో 40 శాతం మార్కులుంటే చాలు, పరీక్ష రాయొచ్చు. ఇంటర్ దారిలో పది తర్వాత ఆరేళ్లు పడితే ఇందులోనూ ఆరేళ్లే. మా నాన్న నన్ను ఇంటరే చదవమంటున్నాడు. నేను చెప్పేదొకటే: ఇంట్లో కష్టమొచ్చి మధ్యలో ఆపాల్సి వచ్చినా డిప్లొమా చేతిలో ఉంటుంది, ఉత్త ఇంటర్‌తో పని ఎవరిస్తారు? కాకపోతే లెక్కలు వదలకూడదు. ఈసెట్ 200 మార్కుల్లో 50 లెక్కలవే.

కాలేజీకి ఏఐసీటీఈ అనుమతి, యూనివర్సిటీ అనుబంధం రెండూ ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఎన్‌బీఏ గుర్తింపు వేరే సంగతి. అది కాలేజీ మొత్తానికి కాదు, ఒక్కో కోర్సుకు, అదీ కొన్నేళ్లకే ఇస్తారు. గేటు మీద పెద్ద బోర్డు చూసి మురిసిపోకండి. "ఏ బ్రాంచికి సార్? ఎప్పటిదాకా?" అని అడగండి.

బీటెక్ మూడో ఏడాది నుంచే గేట్ రాయొచ్చు, ఎస్టీలకు ఫీజులో రాయితీ ఉంది. ఆ స్కోరుతో ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలో ఎంటెక్ చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండు ఇస్తారు.

వీటన్నిటికీ మొదటి మెట్టు పాలిసెట్. సెలవులకు ఇంటికెళ్లినప్పుడే కుల, ఆదాయ సర్టిఫికెట్లు తెచ్చుకోండి.