పట్నాన్ని దాటిన పల్లె: శిశు టీకాల లెక్క

భారతదేశంలో శిశువులకు టీకాలు వేయించే విస్తృత కార్యక్రమం 1978లో ఆరంభమై, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంగా రూపుదిద్దుకుంది. అది ఏ మేరకు ఫలించిందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తెలుపుతాయి. 12 నుంచి 23 నెలల వయసు పిల్లల్లో బి.సి.జి. ఒక మోతాదు, పోలియో మూడు, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి ఇచ్చే టీకా మూడు, తట్టు టీకా ఒకటి అందినవారిని ఈ సర్వేలు ‘పూర్తి టీకాలు పొందినవారు’గా లెక్కించాయి. 1992-93లో అట్టివారు నూటికి సుమారు 35 మంది. 1998-99లో 42 మంది. ఆ తరువాతి ఏడేళ్లలో ఈ అంకె దాదాపు కదలలేదు. 2005-06లో 44 దగ్గర ఆగింది. 2015-16 నాటికి 62కు, 2019-21 నాటికి 76కు చేరింది.

ఈ పెరుగుదలలోని ఒక విశేషం పట్టణవాసులు గమనింపదగినది. 2005-06లో పూర్తి టీకాలు పొందిన పిల్లలు పట్టణాల్లో నూటికి 58 మంది కాగా, గ్రామాల్లో 39 మందే. పదేళ్లకు ఆ అంకెలు 64, 61 అయ్యాయి. 2019-21లో గ్రామాలు 76.8 శాతంతో ముందుండగా పట్టణాలు 75.5 వద్ద ఉన్నాయి. తేడా స్వల్పమే. అయినా వీధివీధినా వైద్యుడున్న పట్టణం తనకున్న పందొమ్మిది పాళ్ల ఆధిక్యాన్ని నిలుపుకోలేకపోయింది.

గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లోనే మొదలైంది. దానివల్ల పల్లెలో ఏ ఇంట ఎప్పుడు కాన్పు అయిందో ఎరిగిన ఆశా కార్యకర్త వచ్చింది. పట్టణాలకు అట్టి మిషన్ 2013లో గాని రాలేదు. పైగా అద్దె ఇల్లు మారే కుటుంబం ఒక పేట జాబితాలోంచి తొలగి, మరో పేట జాబితాలోకి ఎక్కకుండానే ఉండిపోవచ్చు.

తెలుగు కుటుంబాల్లో మరొక కారణమూ తోడవుతుంది. తొలి కాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. పుట్టిన వెంటనే ఇచ్చే టీకాలు స్వగ్రామంలో పడతాయి. తరువాతివి 6, 10, 14 వారాలకు. తట్టు-రుబెల్లా టీకా 9 నెలలు నిండాక. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు బెంగళూరుకో పుణెకో తిరిగివచ్చేది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే. అక్కడి నర్సు పని ముగిసింది, ఇక్కడి నర్సుకు బిడ్డ సంగతే తెలియదు. ఇంటికి వచ్చి వేసే పల్స్ పోలియో చుక్కలతో అన్నీ అయిపోయాయనుకోవడమూ కద్దు. ఆ చుక్కలు తక్కిన టీకాలకు ప్రత్యామ్నాయం కావు.

స్వగ్రామంలో ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. తెలుగులో ఉన్నదని సంకోచింపనక్కరలేదు. టీకా పేరు, వేసిన తేదీ తెలిస్తే నర్సుకు చాలు. ఈ టీకాలు ప్రభుత్వ కేంద్రాల్లో ఎక్కడైనా ఉచితమే. గడువు దాటిందన్న భయంతో వెళ్లడం మానేసేవారున్నారు గాని, తప్పిన మోతాదు కోసం మళ్లీ మొదటినుంచి వేయరు. ఆగిన చోటినుంచే కొనసాగిస్తారు. అయితే కొన్ని టీకాలకు వయోపరిమితి ఉంది. బి.సి.జి. ఏడాది లోపే వేయాలి.

సర్వే చెప్పే ‘పూర్తి’ అన్న మాటలో మరో చిక్కు కూడా ఉంది. 16 నుంచి 24 నెలల మధ్య ఇచ్చే రెండో తట్టు-రుబెల్లా మోతాదు, అప్పుడే వేసే బూస్టర్, 5-6 ఏళ్లకు వేసే మరో బూస్టర్ ఆ లెక్కలోకి రావు. తట్టు వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు మోతాదులూ పడాలి. ఇరుకైన పేటల్లో అది దావానలంలా పాకుతుంది.