పైలట్‌కు విశ్రాంతి వేరు, సెలవు వేరు.. ఈ తేడా ప్రయాణికులకు ఎందుకు ముఖ్యం?

‘పైలట్ డ్యూటీ టైమ్ అయిపోయింది, వేరే పైలట్ రావాలి’. శంషాబాద్‌లోనో గన్నవరంలోనో బోర్డింగ్ గేటు దగ్గర ఈ మాట మీరు వినే ఉంటారు. ఇంకో గంట నడిపితే ఏం పోతుందని విసుక్కునీ ఉంటారు. ఆ గంట పైలట్ ఇష్టాన్ని బట్టో, కంపెనీ ఇష్టాన్ని బట్టో ఉండదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన పరిమితి అది. ఎఫ్‌డీటీఎల్ అని వార్తల్లో వచ్చేది ఈ నిబంధనల గురించే.

పైలట్ ఉద్యోగాన్ని రెండు కాగితాలు నడిపిస్తాయి. ఒకటి కంపెనీతో చేసుకున్న ఒప్పందం. జీతం, సెలవులు, సిక్ లీవులు ఎన్ని, నోటీసు పీరియడ్ ఎంత అన్నవి అందులో ఉంటాయి. రెండోది డీజీసీఏ నిబంధన. ఎన్ని గంటలు నడపొచ్చు, ఎంతసేపు విశ్రాంతి ఇవ్వాలి అన్నది అది చెబుతుంది. ఒప్పందంలో అంతకన్నా ఎక్కువ విశ్రాంతి రాసుకోవచ్చు, తక్కువ రాసుకోవడానికి వీల్లేదు. పైలట్ సంతకం పెట్టినా అది చెల్లదు.

లెక్కలు ఇవీ. విమానం నడిపే సమయం 7 రోజుల్లో 35 గంటలు, ఏడాదిలో 1,000 గంటలు దాటకూడదు. మన ఆఫీసు లెక్కలో ఇది తక్కువే అనిపిస్తుంది. కానీ రిపోర్ట్ చేసిన దగ్గర్నుంచి గేటు దగ్గర ఎదురుచూసే సమయం, రెండు ఫ్లైట్ల మధ్య ఖాళీ ఇవన్నీ డ్యూటీయే అయినా ఈ 35 గంటల్లోకి రావు. డ్యూటీకి విడిగా ఇంకో పరిమితి ఉంది.

2024 జనవరిలో డీజీసీఏ నిబంధనల్ని కఠినం చేసింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి డ్యూటీ అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 5 వరకు అని ఉండేది, దాన్ని 6 వరకు పొడిగించారు. రాత్రి వేళ ల్యాండింగ్‌లు 6 నుంచి 2కి తగ్గాయి.

ఆ ఒక్క గంట మార్పు చిన్నదేం కాదు. మీ ఫ్లైట్ ఉదయం 6.15కి ఉందనుకోండి. పైలట్ 5.15కి రిపోర్ట్ చేయాలంటే మూడింటికే లేవాలి. పాత లెక్కలో అది పగటి డ్యూటీ. కొత్త లెక్కలో రాత్రి డ్యూటీ.

తెల్లవారుజాము మీద ఇంత పట్టింపు ఎందుకంటే, 2 నుంచి 6 మధ్య మనిషి శరీరం బాగా మందగిస్తుంది. 2010 మే 22న దుబాయ్ నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం 6 దాటాక మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. విమానం సరైన ఎత్తులో లేకపోయినా, కో పైలట్ వద్దని హెచ్చరించినా కమాండర్ ల్యాండింగ్ ఆపలేదు. అంతకుముందు ఆయన చాలాసేపు నిద్రపోయారని, ఆ మత్తు నిర్ణయం మీద ప్రభావం చూపి ఉండొచ్చని విచారణ తేల్చింది.

కొత్త నిబంధనలు వెంటనే అమలు కాలేదు. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక, 2025 జులై 1న కొన్ని, నవంబర్ 1న మిగిలినవి అమల్లోకి వచ్చాయి. సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో డిసెంబర్ మొదటి వారంలో వేల ఫ్లైట్లు రద్దు చేసింది. అప్పుడు డిసెంబర్ 5న డీజీసీఏ రెండు పనులు చేసింది. రాత్రి డ్యూటీ నిబంధనల్లో కొన్నిటి నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. వారపు విశ్రాంతి స్థానంలో సెలవును చూపకూడదన్న సూచనను అన్ని సంస్థలకూ వెనక్కి తీసుకుంది.

మొదటిదాని మీద చాలా చర్చ జరిగింది. నిజానికి రెండోదే లోతైనది. ఒక పైలట్ పెళ్లికోసమో, జ్వరం వచ్చో రెండు రోజులు సెలవు పెట్టారనుకుందాం. ఆ రెండు రోజుల్నే ఆ వారం విశ్రాంతిగా లెక్క కడితే రోస్టర్‌లో ఖాళీ ఉండదు, కంపెనీకి మనిషి దొరుకుతాడు. కానీ జ్వరంతో పడుకున్నవారికి అలసట తీరినట్టేనా? సెలవు పైలట్ హక్కు. విశ్రాంతి మీ భద్రత కోసం పెట్టిన షరతు. రెండూ కలిపేస్తే ఒకటి పోతుంది.

సిక్ లీవ్ దగ్గర చిక్కు ఇంకోరకం. ఎన్ని రోజులన్నది కంపెనీ ఒప్పందమే చెబుతుంది. కానీ ఒంట్లో బాగాలేని పైలట్ కాక్‌పిట్‌లో కూర్చోకూడదన్నది మాత్రం చట్టం మాట, లీవులు మిగిలి ఉన్నా లేకపోయినా. చాలా సంస్థల్లో గాల్లో ఉన్న గంటలకు విడిగా అలవెన్సు ఇస్తారు కాబట్టి, జ్వరమని చెప్పిన రోజు ఆదాయానికీ గండి పడుతుంది. అయినా చెప్పేవారున్నారు. అహ్మదాబాద్ ప్రమాదం జరిగిన నాలుగు రోజులకు, 2025 జూన్ 16న, 112 మంది ఎయిరిండియా పైలట్లు సిక్ లీవ్ పెట్టారని ప్రభుత్వం లోక్‌సభకు చెప్పింది. దాన్ని మొండితనంగా చూసినవారూ ఉన్నారు. అలాంటి మనఃస్థితిలో నడపకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

జ్వరం లేదు, కానీ నిద్ర చాలక కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడు పెట్టాల్సింది సిక్ లీవ్ కాదు, ఫెటీగ్ రిపోర్ట్. అలా చెప్పినందుకు శిక్షించకూడదని, ఆ రిపోర్టుల్ని విశ్లేషించి మూడు నెలలకోసారి తమకు పంపాలని డీజీసీఏ సంస్థలకు చెప్పింది.

మీ ఇంట్లో ఎవరైనా పైలట్ ఉద్యోగంలో చేరబోతుంటే జీతం అంకెతో పాటు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగమనండి. ఫెటీగ్ రిపోర్ట్ ఇచ్చిన రోజును సిక్ లీవ్‌లో కోస్తారా? సిక్ లీవ్ రోజున అలవెన్సు ఎంత తగ్గుతుంది? సెలవు పెట్టిన వారంలో 48 గంటల విశ్రాంతిని విడిగా ఇస్తారా, అందులోనే సర్దుతారా?