పునీతుడైన సంసారి

జనవరి 14 అంటే తెలుగిళ్లలో భోగి మంటలో, సంక్రాంతి ముగ్గులో. తమిళుల వాకిళ్లలో పొంగలి కుండ. నాగర్‌కోయిల్‌లోని కొట్టార్‌లో మాత్రం ఆ రోజుకి ఇంకో విశేషం కూడా ఉంది. అక్కడి ఫ్రాన్సిస్ జేవియర్ చర్చిలో ఓ సమాధి ఉంది. 1752లో అదే తేదీన తుపాకీ గుళ్లకు బలైన దేవసహాయం సమాధి అది. 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ వాటికన్‌లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. అంతకుముందు మనదేశంలో ఆ గౌరవం దక్కినవాళ్లంతా గురువులో, కన్యాస్త్రీలో, మఠవాసులో. పెళ్లాడి, కొలువు చేసుకుంటూ బతికిన సంసారికి దక్కడం అదే మొదలు.

చనిపోయిన రోజు పండగేంటి అనిపించొచ్చు. క్యాథలిక్కుల లెక్కలో పునీతులు కన్నుమూసిన రోజే వాళ్లు పరలోకంలో పుట్టిన రోజు. మదర్ థెరీసా పండగ సెప్టెంబరు 5న, కేరళకు చెందిన అల్ఫోన్సా పండగ జులై 28న, ఫ్రాన్సిస్ జేవియర్‌ది డిసెంబరు 3న వచ్చేది అందుకే. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన ఆయన సిద్ధి పొందిన తిథినాడే జరుగుతుందని తెలిసినవాళ్లకి ఇదేమీ వింత కాదు. మినహాయింపులూ ఉన్నాయనుకోండి. బాప్తిస్మమిచ్చిన యోహానుకి జూన్ 24న చేసేది అచ్చంగా పుట్టినరోజు పండగే!

దేవసహాయం అసలు పేరు నీలకంఠ పిళ్లై. 1712లో ఇప్పటి కన్యాకుమారి జిల్లా నట్టాలంలో, కలిగిన నాయర్ కుటుంబంలో పుట్టాడు. అప్పట్లో ఆ ప్రాంతం తిరువాన్కూరు రాజ్యంలోది. రాజు మార్తాండవర్మ. పద్మనాభపురం కోటలో నీలకంఠానికి మంచి ఉద్యోగం, ఇంట్లో భార్య భార్గవి. లోటు లేని జీవితం. 1741లో కొలచెల్ దగ్గర మార్తాండవర్మ సేనలు డచ్చివాళ్లని ఓడించాయి. బందీగా దొరికిన డి లనాయ్ అనే అధికారి పనితనం చూసి రాజు అతన్నే తన సైన్యానికి శిక్షకుడిగా పెట్టుకున్నాడు. నీలకంఠానికి అతనితో స్నేహం కుదిరింది. పశువులు చచ్చి, పంటలు పోయి దిగులుగా ఉన్న రోజుల్లో డి లనాయ్ అతనికి బైబిల్లోని యోబు కథ చెప్పాడట. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయినా దేవుణ్ని వదలని మనిషి కథ అది. అది నీలకంఠం మనసులో నాటుకుంది. 1745లో తిరునల్వేలి వైపున్న వడక్కన్‌కుళం వెళ్లి జ్ఞానస్నానం తీసుకున్నాడు. లాజరు అని పేరు పెట్టారు. ‘దేవుడు సాయం చేశాడు’ అని దానికి అర్థం. తమిళంలో అదే దేవసహాయం అయింది. మన క్రైస్తవ కుటుంబాల్లో దైవసహాయం అన్న పేరు వినని వాళ్లుండరు. భార్గవి కూడా జ్ఞానస్నానం తీసుకుని జ్ఞానపూ అయింది.

మతం మారడం ఒక ఎత్తు. కింది కులాలవాళ్లతో కలిసి తిరగడం, అందరూ సమానమే అనడం ఇంకో ఎత్తు. రాజోద్యోగి, అందులోనూ నాయరు అలా చేస్తే కోటలో ఊరుకుంటారా? 1749లో రాజద్రోహం ఆరోపణ మీద పట్టుకున్నారు. గేదె మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరూరా తిప్పారనీ, దెబ్బల మీద కారం రాశారనీ భక్తులు చెప్పుకుంటారు. మూడేళ్ల తర్వాత అరల్వాయ్‌మొళి దగ్గర కాట్రాడిమలై కొండ మీద కాల్చి చంపారు. మిగిలిన అస్థికల్ని కొట్టార్ చర్చికి చేర్చి ఖననం చేశారు.

దీన్ని అందరూ ఒప్పుకోరు. తిరువాన్కూరులో మతం కోసం చంపే పద్ధతే లేదనీ, అది పాలనకు సంబంధించిన నేరమేననీ కేరళ చరిత్రకారులు కొందరి వాదన. డి లనాయ్ క్రైస్తవుడిగానే ఉంటూ 1777లో చనిపోయేదాకా అక్కడ గౌరవంగా బతికాడు కదా అంటారు. నిజమే. కానీ విదేశీ సైనికుడు తన మతంలో తానుండటం వేరు, ఇంటి మనిషి కట్టు దాటడం వేరు.

చర్చి మాత్రం ఆయన్ని వేదసాక్షిగానే గుర్తించింది. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లని ధన్యులుగా ప్రకటించడానికి అద్భుతం రుజువు కానక్కర్లేదు. అది 2012 డిసెంబరు 2న నాగర్‌కోయిల్‌లో జరిగింది. పునీతుడు కావాలంటే మాత్రం ఒకటి చూపించాలి. గుండె ఆగిందన్న గర్భస్థ శిశువు ప్రార్థన తర్వాత బతికిందన్న ఓ కేసును 2020 ఫిబ్రవరిలో పోప్ ఆమోదించారు. ఇంతలో కరోనా వచ్చిపడింది. రెండేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ వ్యవధిలోనే ఓ చిక్కు బయటపడింది. వాటికన్ ప్రకటనలో ఆయన పేరు ‘దేవసహాయం పిళ్లై’ అని ఉంది. కులాన్ని కాదన్న మనిషికి కులం తోకేంటని ఓ రిటైర్డ్ ఐఏఎస్ అధికారి రోముకి లేఖ రాశారు. అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే కులం చర్చి గడప దగ్గర ఆగిపోలేదు. దేవసహాయం జ్ఞానస్నానం తీసుకున్న వడక్కన్‌కుళంలోనే ఆ తర్వాత శతాబ్దంలో కట్టిన చర్చికి రెండు పాయలున్నాయి. ఒకదాంట్లో వెల్లాలులు, ఇంకోదాంట్లో నాడార్లు, మధ్యలో గోడ! ఒకే బలిపీఠం, ఒకే పూజ. కూర్చునే చోట్లే వేరు. 1910లో గురువులు ఆ గోడ తీయించేస్తే, మా చోటు మాకు కావాలంటూ వెల్లాలులు కేసు వేశారు. అది మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడా ఓడిపోయారు.

పిళ్లై విషయంలో రోము మాట విన్నది. 2022 మే 15న సెయింట్ పీటర్స్ ప్రాంగణంలో పోప్ చదివిన పది పేర్లలో ఆయన పేరు ‘దేవసహాయం అని పిలిచే లాజరు’ అనే ఉంది. పాత అలవాటు కొద్దీ పిళ్లై చేర్చి పిలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.