నొక్కే వేలు ఎవరిది?

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఆ వారం సంచికకు 'కష్టకాలంలో కుటుంబ ఫొటో' అంటూ ఎడిటర్‌గారు అంశం ఇచ్చారు. గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి. కొవిడ్ నాటి వీడియో కాల్ స్క్రీన్‌షాట్లున్నాయి, గల్ఫ్‌ విమానం ఎక్కేముందు ఇంటిల్లిపాదీ స్టూడియోకెళ్లి దిగిన ఫొటోలున్నాయి. రాయడానికి లోటు లేదు. కానీ ఒక చెక్క కెమెరా కథ తెలిశాక ఇంకోదాని మీదకు నా మనసు పోలేదు.

మధ్యాహ్నం భోజనం పట్టుకెళ్లే పెట్టెలా ఉంటుందది. ముందువైపు మరలున్న నీటి పైపు ముక్క, దాని చివర లెన్సు. పైపును తిప్పితే లెన్సు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఫోకస్ చేయడమంటే అంతే. చేసింది ఒక వడ్రంగి, చేయించుకున్నది టోయో మియటాకే. చోటు, అమెరికాలోని కాలిఫోర్నియాలో మాంజనార్ నిర్బంధ శిబిరం. అక్కడున్నవాళ్ల దగ్గర కెమెరా దొరికితే నేరం.

వెనకటి కథ క్లుప్తంగా: 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్‌హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వాళ్లను, దాదాపు 1,20,000 మందిని, శిబిరాలకు తరలించారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. చేతులతో మోయగలిగినంత సామానే తెచ్చుకోవాలన్నారు. పది శిబిరాల్లో మాంజనార్ ఒకటి. ఒక దశలో పదివేల మంది ఉన్నారందులో. 1945 నవంబరులో మూసేశారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది.

మియటాకే 1895లో జపాన్‌లో పుట్టాడు. 1909లో అమెరికా వచ్చాడు. 1923 నుంచి లాస్ ఏంజెలెస్‌లోని లిటిల్ టోక్యోలో ఆయనకు స్టూడియో ఉండేది. పెళ్లిళ్లూ, పసిపిల్లలూ, కుటుంబాలూ ఆయన రోజువారీ పని. శిబిరానికి వస్తూ సామానులో ఒక లెన్సు, ఒక ఫిల్మ్ హోల్డరు దాచి తెచ్చాడు. కొన్నాళ్లకు కొడుకు ఆర్చీకి ఆ లెన్సు చూపించి, ఇక్కడ జరిగేదంతా ఫొటో తీయడం తన బాధ్యత అన్నాడు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసీ ఆ మాట అన్నాడు.

చివరికి పట్టుబడ్డాడు. శిబిరం డైరెక్టర్ రాల్ఫ్ మెరిట్ శిక్షించలేదు. ఫొటోలు తీసుకోనిచ్చాడు. ఒకే ఒక్క షరతు: షట్టర్ మాత్రం తెల్లజాతి వ్యక్తి నొక్కాలి.

ఈ షరతు దగ్గరే నేను ఆగిపోయాను. తాతను కుర్చీలో కూర్చోబెట్టేది మియటాకే. మనవడి కాలరు సర్దేది, వెలుతురు ఏ వైపు నుంచి పడాలో చూసేది, ఫోకస్ కుదిర్చేది ఆయనే. అన్నీ అయ్యాక పక్కకు తప్పుకోవాలి. ఇంకెవరో వచ్చి మీట నొక్కుతారు. ఆ పనికి నైపుణ్యం అక్కర్లేదు, ఒంటి రంగు చాలు. ఒక మనిషిని అవమానించడానికి ఇంతకన్నా పద్ధతైన మార్గం నాకు తోచడం లేదు. అయినా ఆయన పని మానలేదు. నొక్కిందెవరైనా ఆ ఫొటోలు మియటాకేవే అంటాను నేను. కొంతకాలానికి ఆ షరతు ఎత్తేశారు. ఆయన శిబిరానికి అధికారిక ఫొటోగ్రాఫర్ అయ్యాడు.

ఆ ఫొటోల్లో చాలామంది ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. పెళ్లికూతురు తెల్లటి ముసుగులో, సైన్యంలో చేరిన కొడుకు యూనిఫాంలో, అతని పక్కన కంచె లోపలే ఉండిపోయే తల్లిదండ్రులు. ఇవి చూసి 'మరీ అంత కష్టపడలేదన్నమాట' అనేవాళ్లుంటారు. నాకది అన్యాయంగా తోస్తుంది. గదుల్లోకి ఎడారి దుమ్ము కొట్టుకొచ్చే చోట, భోజనానికీ స్నానానికీ వరసలో నిలబడాల్సిన చోట, చొక్కా ఇస్త్రీ చేసుకుని కెమెరా ముందుకు రావడానికి ఎంత పట్టుదల కావాలి! పైగా యుద్ధం మొదలవగానే, ఇంట్లో జపాన్ ఆనవాళ్లు కనిపిస్తే పట్టుకుపోతారన్న భయంతో చాలా కుటుంబాలు పాత ఫొటోలు, ఉత్తరాలు తామే కాల్చేసుకున్నాయి. అలాంటి ఇళ్లలో తాతముత్తాతల ముఖాలు బూడిదై, కొత్త ఆల్బమ్ మొదటి పేజీ శిబిరంలోనే మొదలైంది. ఆ పేజీకి ముతక బట్టల్లో, దిగులు మొహాలతో రమ్మని అడిగే హక్కు మనకెక్కడిది?

కష్టాన్ని చూపించాల్సినచోట మియటాకే చూపించాడు కూడా. ముళ్లకంచె దగ్గర ముగ్గురు కుర్రాళ్లు, వెనక కాపలా టవరు ఉన్న ఫొటో ఆయనదే. యుద్ధం తర్వాత లిటిల్ టోక్యోకు తిరిగెళ్లి మళ్లీ స్టూడియో తెరిచాడు. 1979లో చనిపోయాడు. అక్కడి జపనీస్ అమెరికన్ మ్యూజియం దగ్గర ఆ చెక్క కెమెరాకు పెద్ద కంచు ప్రతిరూపం నిలబెట్టారు.

బయటి నుంచి వచ్చిన ఇద్దరు

డొరొథియా లాంగ్ 1942లో ప్రభుత్వం తరఫున మాంజనార్‌ను ఫొటో తీశారు. ఆమె చూపించిన నిజం సైన్యానికి రుచించలేదు. యుద్ధం ముగిసేదాకా ఆ ఫొటోలను బయటికి రానివ్వలేదు. 1943లో యాన్సెల్ ఆడమ్స్ వచ్చారు. కంచె, టవర్లు, కాపలావాళ్లు ఫొటోల్లో పడకూడదని అధికారులు ఆయనకు చెప్పారు. ఆయన శిబిరంలోని మనుషుల ముఖాలను దగ్గరగా తీసి, 1944లో పుస్తకంగా వేశారు.

ఆల్బమ్ తడిస్తే...

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్లలోకి వచ్చినప్పుడు ఆల్బమ్‌లూ తడిశాయి. ఎప్పుడైనా మళ్లీ అలా తడవొచ్చు కాబట్టి: అంటుకున్న ఫొటోలను లాగొద్దు, అలాగే ఎండనివ్వొద్దు. శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి మెల్లగా విడదీయండి. బొమ్మ పైకి ఉండేలా నూలుగుడ్డ మీద పరిచి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ వాడొద్దు. వెంటనే తీరిక దొరక్కపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పాడవకుండా ఆగుతాయి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను మాత్రం ఊడదీయకుండా, అద్దంతో సహా ఫొటోలు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.