తెర మారినా మాట పోరాదు

పోయిన వేసవిలో మధుర వెళ్ళినప్పుడు మా పెద్దమ్మగారి వద్ద కూర్చుని వంశవృక్షం వ్రాసుకున్నాము. ఆమెకు ఎనభై యేండ్లు దాటాయి. నాయకరాజుల నాటినుండి యీ సీమలో స్థిరపడిన మన కుటుంబాలలో చాలామందివలె ఆమె మాట్లాడేది తెలుగు, చదువుకున్నది తమిళం. ఆమె చెబుతుండగా సెల్‌ఫోనులో ఒక యాప్ తెరచి, నాలుగు తరాల పేర్లు ఎక్కించాము. గంటన్నర పట్టింది. "ఏదీ, చూపించు నాయనా" అన్నది. బాగా కనబడాలని ఫోను అడ్డంగా తిప్పాము. పేర్లన్నీ మాయం!

కోయంబత్తూరులో యాప్‌లు తయారుచేసే మా మేనల్లుణ్ణి అడిగాము. "తప్పు మీది కాదు మామయ్యా, అది చేసినవాళ్ళది" అని విషయం విప్పి చెప్పాడు.

ఆండ్రాయిడ్ ఫోను తిప్పితే తెర వూరికే తిరగదట. సాధారణంగా వున్న తెరను కూల్చి, కొత్త కొలతకు మళ్ళీ కడుతుంది. మనం వేరే పనిలో వుండగా మెమరీ చాలకపోతే యాప్‌నే ఆపివేస్తుంది. ఇటువంటప్పుడు ముందుగా 'ఆన్ సేవ్ ఇన్‌స్టన్స్ స్టేట్' అని యాప్‌ను పిలుస్తుంది. కావలసినవి 'బండిల్'లో, అనగా మూటలో, కట్టి యివ్వాలి. కొత్త తెర లేవగానే ఆ మూట తిరిగి చేతికి వస్తుంది. మా ఆఫీసులో సీటు మారే గుమాస్తా ఫైలులో చీటీ పెట్టి పోవడం వంటిదే యిది.

అయితే మూట చిన్నది. ఆ బదిలీలన్నిటికీ కలిపి సుమారు 1 మెగాబైటే చోటు, ఫోటోలు కుక్కరాదు. 2017లో గూగుల్‌వారు తెచ్చిన 'వ్యూమోడల్' ఫోను తిప్పినా నిలుస్తుంది గాని, యాప్ ఆగిపోతే అదీ పోతుంది. మనమే యాప్‌ను మూసివేస్తే మూట కూడా మిగలదు. అందుచేత వంశవృక్షం వంటిదానిని మూటకు వదలక, ఎప్పటికప్పుడు ఫోనులోని డేటాబేసులో వ్రాయాలి. ఏ పేరు ఎక్కిస్తున్నామో, తెర ఎంతవరకు జరిపామో, అటువంటివే మూటకు తగినవి.

దీపావళికి మళ్ళీ మధుర వెళ్ళాము. పెద్దమ్మ ఓపికగా మళ్ళీ చెప్పింది. కాని ముత్తాత తమ్ముని భార్య పేరు ఎంతకూ జ్ఞాపకం రాలేదు. మొదటిసారి తడుముకోకుండా చెప్పిన పేరది. నోటుబుక్కులో ఆ చోటు ఖాళీగా వుంచాము.

మన యిండ్లలో యీ పని చేసే పిల్లలు ఎందరో వున్నారు. వారికి మా మనవి ఒక్కటే: యాప్‌ను బయటికి పంపేముందు, సగం వ్రాసి, ఫోను ఒకసారి తిప్పి చూడండి.