ముట్లుడుగు కాలము: ఆహారము, ఆదరణ



స్త్రీ జీవితమున వచ్చు ఒక్కొక్క మార్పునకు మన పెద్దలు ఒక్కొక్క వేడుకను కల్పించినారు. పెద్దమనిషి అయిన పిల్లకు నువ్వులు, బెల్లము కలిపి దంచి చిమ్మిలి తినిపింతురు. నెలలు నిండుచున్న కోడలికి శ్రీమంతము చేసి గాజులు తొడుగుదురు. బాలింతకు పథ్యము పెట్టి, వేడినీళ్ళు పోసి, కొన్ని వారములు నడుము వంచనీయరు. కాని ముట్లుడిగిన స్త్రీకి ఏ వేడుకయు లేదు, ఏ పథ్యమును లేదు. ఆ దశ వచ్చినట్లు ఇంటిలోనివారికి తెలియదు. ఒక్కొక్కప్పుడు ఆమెకే తెలియదు. ఈ మౌనమువలన కలుగు నష్టమెట్టిదో, దానిని తప్పించుటకు వంటయింట ఏమి చేయవచ్చునో, ఇంటివారు ఏమి చేయవలెనో నేడు ముచ్చటించుకొందము.

జగిత్యాల, కోరుట్ల వాడలలోని నలుబదియైదేండ్ల గృహిణిని ఒక్కసారి తలచుకొనుడు. ఇంటిపని ముగించి, చాటను ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుటకు కూర్చుండును. లెక్క పూర్తియగువరకు తల యెత్తదు. సిరిసిల్లలోనైనచో సాంచాల మ్రోతనడుమ కండెలు చుట్టును; లేదా అక్కడను బీడీల చాటనే పట్టును. పెనిమిటి దుబాయిలోనో మస్కట్టులోనో ఉండుట ఈ ప్రాంతమున క్రొత్త కాదు. ఇట్టి యిల్లాలికి నెలసరి క్రమము తప్పును. ఒక నెల రాదు. మరుసటి నెల అధికముగా పోవును. రాత్రివేళ ఒళ్ళంతయు ఆవిరులు క్రమ్మి, చెమటపట్టి మెలకువ వచ్చును. చిన్నమాటకే కన్నీరు తిరుగును. "ఏమో, వేడి చేసినట్లున్నది" అని ఆమె సరిపెట్టుకొనును. "అమ్మకు ఈ నడుమ కోపమెక్కువైంది" అని పిల్లలనుకొందురు. అసలు సంగతి ఎవరికిని తోచదు.

జరుగుచున్నది రోగము కాదు. వయసుతోపాటు అండాశయములు తమ పని తగ్గించుకొనును. అవి తయారుచేయు ఈస్ట్రోజెన్ అను హార్మోను కొన్నేండ్లపాటు హెచ్చుచు తగ్గుచు, తుదకు మిక్కిలి తగ్గిపోవును. ఆవిరులకును, నిద్రలేమికిని, చిరాకునకును చాలవరకు ఇదియే మూలము. వరుసగా పండ్రెండు మాసములు ముట్టు రానిచో రజోనివృత్తి, అనగా మెనోపాజ్, కలిగినదని వైద్యులు నిర్ణయింతురు. మన దేశమున ఇది సగటున 46 ఏండ్ల ప్రాంతమున వచ్చును. పొగాకు వాడు స్త్రీలకు ఒకటి రెండేండ్లు ముందుగనే రావచ్చును. దానికి పూర్వమందలి మార్పుకాలము కొందరికి రెండేండ్లు, కొందరికి ఏడెనిమిదేండ్లు సాగును.

తెలియకపోవుటచే కలుగు పెద్ద నష్టమొకటి కలదు. "పిల్లలు పుట్టుడు అయిపాయె, ఇంక సంచి ఎందుకు? తీయించుకుంటె పీడ పోతది" అను మాట మనకు క్రొత్త కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో నూటికి ఎనిమిదిమందికి పైగా ఉన్నారు. అనవసరమైన శస్త్రచికిత్సలను నివారించుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వాటిని మూడు నెలలలో అమలుపరుపవలెనని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది.

గర్భాశయముతోపాటు అండాశయములను గూడ తీసివేసినచో, ఏండ్లతరబడి మెల్లగా రావలసిన మార్పు ఒక్కదినమున వచ్చి పడును. ఎముకలకు, గుండెకు కలుగు హాని పెరుగును. అండాశయములను ఉంచినను కొందరికి మెనోపాజ్ ముందుగా రావచ్చును. క్యాన్సరు వచ్చినప్పుడును, మందులకు లొంగని రక్తస్రావమందును, పెద్ద గడ్డలున్నప్పుడును ఈ శస్త్రచికిత్స ప్రాణము నిలుపును; అందు సందేహము లేదు. కాని సంతకము పెట్టుటకు ముందు మూడు ప్రశ్నలడుగుట మీ హక్కు. నా రోగమేమి? మందులతో నయము కాదా? అండాశయములను ఉంచుదురా, తీయుదురా? వీలైనంతవరకు మరియొక వైద్యురాలి అభిప్రాయము గూడ తెలిసికొనుడు.

అట్లని వైద్యుని దరికి పోనక్కరలేదని భావింపరాదు. పండ్రెండు నెలలు ఆగిన పిదప మరల ఒక్క చుక్క రక్తము కనబడినను ఆలస్యము చేయరాదు. గంటకొక గుడ్డ తడిసినను, వారము దాటి స్రావము సాగినను, నలుబదియేండ్లలోపుననే ముట్లుడిగినను పరీక్ష చేయించుకొనవలెను. ఆవిరులు భరింపరానివైనచో వాటికి చికిత్స కలదు. హార్మోను మందులు అందరికిని తగవు. కావున వైద్యుల సలహాపైననే వాడవలెను.

ఇక ఆహారము సంగతి. ముట్లుడిగిన తొలి అయిదారేండ్లలో ఎముకలలోని సున్నము త్వరత్వరగా తరిగిపోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఈ దశ దాటిన స్త్రీకి దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. ఇది ఖరీదైన డబ్బాలలోనే దొరకునది కాదు. రెండు గ్లాసుల పాలు లేదా పెరుగునందు సుమారు 480 మిల్లీగ్రాములుండును. యాబది గ్రాముల తైదపిండితో కాచిన అంబలియందు సుమారు 180 ఉండును. పిడికెడు మునగాకు, అనగా యాబది గ్రాములు, పప్పులో వేసినచో సుమారు 150 వచ్చును. పది గ్రాముల నువ్వులపొడియందు సుమారు 125 ఉండును. ఇంతతోనే తొమ్మిదివందలు దాటినది. మిగిలినది తోటకూర, ఉలవలు మొదలగు నిత్యాహారమునుండి చాలవరకు సమకూరును. మన సర్వపిండిలోను, సద్దుల బతుకమ్మనాటి నువ్వుల సద్దిలోను పడు నువ్వులను పండుగకే పరిమితము చేయక దినదినము ఒక చెంచాడు తినుట అలవరచుకొనుడు.

రెండవది ఇనుము. మార్పుకాలమున రక్తము అధికముగా పోవుటచే నీరసము వచ్చును. అదే సర్వే ప్రకారము తెలంగాణలో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలదు. ఆకుకూర, పప్పు తినునప్పుడు నిమ్మరసము పిండుకొనుడు; ఉసిరికాయ తినుడు. ఇనుము బాగుగా వంటబట్టును. అన్నము తినగానే చాయ త్రాగినచో అది వంటబట్టదు, గంటసేపు ఆగుడు.

మూడవది మాంసకృత్తులు. 55 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాములు కావలెను. గుడ్డు ఒకదానియందు ఆరు గ్రాములుండును. కాని గుడ్డు పిల్లవానికి, పాలు మనుమనికి, అడుగున మిగిలిన చారు తనకు అనుట మన తల్లుల పద్ధతి. గర్భిణులకు, బాలింతలకు 2015 జనవరి 1 నుండి ఆరోగ్యలక్ష్మి క్రింద అంగన్‌వాడీలో పాలు, గుడ్డుతో కూడిన భోజనమేర్పడినది. నడివయసు తల్లికి అట్టి విస్తరి వేయవలసినది ఆమె యిల్లే.

ఏ ఒక్క పదార్థము తిన్నంతమాత్రమున ఆవిరులు మాయము కావు. అయినను కొన్ని జాగ్రత్తలు ఉపశమనమిచ్చును. పలుచని నూలుబట్టలు కట్టుడు. పడకచెంత మంచినీళ్ళుంచుకొనుడు. రాత్రివేళ కారము, వేడి చాయ, కల్లు తగ్గింపుడు. బీడీలు చుట్టువారు సబ్బుతో చేతులు కడుగక ఏదియు నోట పెట్టరాదు. గంటకొకసారి చాట దింపి, లేచి, నాలుగడుగులు వేయుడు. దినమునకు అరగంటయైనను ఎండ తగులునట్లు నడచుట ఎముకలకు బలము. ఇంటిలోపల కూర్చుండి పనిచేయువారికి ఇది మరింత అవసరము. ఈ వయసునుండి రక్తపు పోటు, చక్కెర పెరుగుట గలదు గనుక, ఏటేట వాటిని పరీక్షింపజేసికొనవలెను.

అన్నిటికంటె ముఖ్యము ఆదరణ. ఇంటివారు తెలిసికొనవలసినది ఇంతియే: ఆ కోపము స్వభావము కాదు, ఆ కన్నీరు నటన కాదు. కోడలు రాత్రివంట తాను చూచుకొని అత్తను ఒక గంట ముందు పడుకొననిచ్చినచో అది మందుతో సమానము. కొడుకు "అమ్మా, ఒంట్లో ఎట్లున్నది?" అని అడిగినచో సగము భారము దిగును. పరదేశముననున్న పెనిమిటి ఫోను చేసినప్పుడు పైకమెంత ముట్టినదని అడుగుటతోబాటు, నిద్ర పట్టుచున్నదా అని గూడ అడుగవలెను. మహిళాసంఘము కూడినప్పుడు పొదుపులెక్కల పిదప ఒక అరగంట ఈ విషయము ముచ్చటించుకొనుడు. "నాకొక్కదానికే ఇట్లయితున్నది" అను భయము ఆ నలుగురిలోనే తీరును.

తెలంగాణ ప్రభుత్వము 2023 మార్చి 8న కరీంనగరమున ప్రారంభించిన ఆరోగ్యమహిళ కార్యక్రమమున, మంగళవారములందు స్త్రీలకు జరుపు పరీక్షలలో మెనోపాజ్ సమస్యలను గూడ చేర్చినారు. మీ ప్రాంతమున ఇట్టి పరీక్షలు ఎక్కడ, ఏ దినమున జరుగునో ఆశా కార్యకర్తను అడిగి తెలిసికొనుడు. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. కోరుట్లవారికి జగిత్యాల దూరము కాదు. సంకోచమే దూరము.

పెద్దమనిషి అయిననాడు తల్లి మన నోట నువ్వులు, బెల్లము పెట్టినది. ముట్లుడిగిననాడు మన తల్లికి అవే నువ్వులు మనము తినిపింతము. ఆమె యెముకలకు నేడు కావలసినది అదియే. ఆమె మనసునకు కావలసినది ఆ పెట్టెడి చేయి.