కోరంటి దవాఖానా నేర్పే చదువు

పిల్లల అంటువ్యాధులలో నిపుణులు కాదలచిన వైద్యులు ఎంబీబీఎస్ పిదప మూడేళ్లు శిశువైద్యంలో ఎండీ చేసి, ఆపైన ఫెలోషిప్ అనే అదనపు శిక్షణ పొందుతారు. అమెరికాలో ఈ చివరి దశ ఒక్కటే మూడేళ్లు సాగుతుంది. ఈ చదువులోని అసలైన పాఠాలు రోగి మంచం పక్కనే వంటబడతాయనడానికి హైదరాబాదు పాతబస్తీయే నిదర్శనం.

గౌలిపుర, శాలిబండ, లాల్‌దర్వాజ ప్రాంతాల తల్లిదండ్రులు బిడ్డకు జబ్బు ముదిరితే మూసీ దాటి, 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రికో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో చేరుకుంటారు. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రొనాల్డ్ రాస్ పేరు ఈ రెండవదానికి పెట్టినా, క్వారంటైన్ అన్న మాట జనం నోట నలిగి 'కోరంటి' అయి, అదే స్థిరపడింది.

టీకాలున్న ఈ కాలంలోనూ కోరంటికి వస్తున్న జబ్బు కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. టార్చి వెలుతురులో చూస్తే టాన్సిల్స్‌ను అంటిపెట్టుకొని బూడిదరంగు పొర కనిపిస్తుంది; దాన్ని గీకితే నెత్తురు వస్తుంది; కొందరిలో మెడ వాచి దవడ గీతే కనబడకుండా పోతుంది. సూక్ష్మజీవి విడుదల చేసే విషం ఒకసారి కణాల్లోకి చొరబడితే విరుగుడు మందు దాన్ని ఏమీ చేయలేదు కనుక, ల్యాబ్ నివేదిక కోసం ఆగకుండా, కంటితో చూసినదాన్నిబట్టి ఆ మందు ఎక్కించాలని నిర్ణయించే ధైర్యం శిక్షణలోనే అలవడాలి. గుర్రపు రక్తం నుంచి తీసే ఆ మందు కొందరికి పడదు, కాబట్టి ఆ జాగ్రత్తా అవసరమే. గొంతు నయమైనంత మాత్రాన గండం గడిచినట్టు కాదు: గుండె దెబ్బతినవచ్చు, కొన్ని వారాల తరువాత, బిడ్డ తాగిన నీళ్లు ముక్కులోంచి బయటికి రావడం అంగిలి నరాలు చచ్చుబడ్డాయనడానికి గుర్తు.

ఇంతకంటే విలువైన పాఠం టీకా కార్డు చదవడం. 6, 10, 14 వారాల మోతాదులు పూర్తయినా, 16-24 నెలలకు, మళ్లీ 5-6 ఏళ్లకు వేయించవలసిన బూస్టర్లు తప్పితే రక్షణ క్రమంగా సన్నగిల్లుతుంది. కాబట్టి ఈ శిక్షణలో కొన్ని నెలలైనా పెద్ద ఆసుపత్రుల గోడలు దాటి గల్లీలలో గడవాలి. ఒక బిడ్డకు కంఠసర్పి అని తేలినప్పుడు ఆరోగ్య శాఖకు తెలపడం, ఇంట్లోవాళ్లకు ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వడం, పక్కింటి పిల్లల కార్డులు కూడా అడిగి చూడడం, ఇవన్నీ ఆ నిపుణుడి వైద్యంలో భాగాలే.